యాదయ్య ఏదీ పారెయ్యడు

అందుకే అంటున్నాను, యాదయ్య సంగతి ముక్కలు ముక్కలుగా చెప్తే ఎవరికీ అర్థం కాదని. నిన్న సగం చెప్పేసరికి గ్యాస్ బండి వచ్చింది, మీరు లేచారు, నేనూ లేచాను. ఎక్కడ ఆపాను? ఆఁ, గోడ అవతలి నుంచి కేక వినపడిన దగ్గర.

"టీచర్! మళ్ళ బందువడ్డది!"

"ఏంది యాదయ్యా బందువడ్డది?"

"ఇంకేముంటది? నా డబ్బా!"

ఈ కేక ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టడం మానేశాను. విన్నప్పుడల్లా చేతిలో పని అక్కడ పడేసి పరుగెత్తడం మాత్రం మానలేదు. ఒకసారి పొయ్యి మీద పప్పు మాడింది. ఇంకోసారి నల్లా కట్టెయ్యకుండా పోయాను, వాకిలంతా చెరువైంది. నాకు కంప్యూటర్ గురించి ఓనమాలు రావు. పోయి చేసేదేమీ లేదు. అయినా పోతాను. బడి మానేసినా బెల్లు వినపడితే లేచే అలవాటు మానలేదు మరి.

నిన్న మీలో కొందరు లేరు కాబట్టి మొదటి నుంచి చెప్తాను. బిజినేపల్లిలో మా ఇంటికీ యాదయ్య ఇంటికీ నడుమ ఒకటే గోడ. నేను తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. యాదయ్య పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తాడు. అతని తల్లి భీమమ్మ ఇంటి పట్టున ఉంటుంది. భార్య సుమన పొద్దున్నే అంగన్‌వాడీకి పోయి సాయంత్రం వస్తుంది. ఆ ఇంట్లో మనుషులు ముగ్గురే. మిగతా చోటంతా సామాను. అదేం సామానంటే చెప్పడం నా వల్ల కాదు. విరిగిన కెమెరా స్టాండ్లు, గొంతు పోయిన మైకులు, ఎవరివో తెలియని చార్జర్లు, గీతలు పడ్డ సీడీలు, క్యాసెట్లు, పాత హార్డ్ డిస్కులు. యాదయ్య ఏదీ పారెయ్యడు.

"ఇది ఇల్లా, పాతసామాన్ల దుకాణమా?" అని సుమన పెళ్ళయిన కొత్తలో అడిగింది. ఇప్పుడు అడగడం లేదు. చీపురు పట్టుకుని ఊడ్చినంత మేర ఊడ్చి, సామాను మొదలైన చోట ఆగిపోతుంది.

చిన్నప్పుడు యాదయ్య వనపర్తిలో ఒక స్టూడియో ఆయన దగ్గర లైటు పట్టుకునేవాడు. పెళ్ళికూతురి ముందు ఆ పెద్ద లైటు ఎత్తి పట్టుకుని నిలబడితే పురుగులన్నీ ఇతని మొఖం మీదే వాలేవి. చెయ్యి కదపకూడదు, కదిపితే పెళ్ళికూతురి మొఖం మీద నీడ పడుతుంది. అట్లా పురుగులు కుట్టించుకుంటూ నేర్చుకున్న విద్య. తర్వాత సొంతంగా కెమెరా కొని, దుకాణం పెట్టి, కల్వకుర్తి నుంచి గద్వాల దాకా పిలిచిన పెళ్ళికల్లా పోయాడు. ఎక్కడికి పోయినా ఒకటే సూత్రం, వచ్చినవాళ్ళందరి మొఖాలూ పడాలి. ఒకసారి పెళ్ళికూతురి మేనమామ మొఖం పడలేదని ఆయన బంధువులను వెంటేసుకుని దుకాణం మీదికి వచ్చాడు. "బట్టలు వెట్టింది నేను, బంతిల వడ్డించింది నేను, నేనేడున్ననయ్యా?" అని సీడీ మూడుసార్లు మొదటి నుంచి వేయించి చూశాడట. ఆ రోజు నుంచి యాదయ్య కెమెరా ఎవరి మెడ కిందికీ దిగలేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, దీనితో పని ఉంది.

ఇక డబ్బా కథ. దుకాణం ఎత్తేసి సామానంతా ఇంటికి చేర్చాక, తీసినవన్నీ ఒక్కచోట దాచాలనే పట్టుదల పుట్టింది యాదయ్యకు. ఒక పెట్టె, అందులో వీడియోలన్నీ, టీవీలో ఏది కావాలంటే అది నొక్కి చూసుకోవడం. కొత్తది కొంటే అయిపోయేది కదా? కొనడు. ఎక్కడో ఒక బడిలో మూలపడ్డ కంప్యూటర్లను పాతసామాన్ల వాళ్ళకు ఇచ్చేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడు. ఒక దాంట్లో తల్లిబోర్డు బాగుంది, ఒక దాంట్లో ఫ్యాను తిరుగుతుంది, ఒక దాంట్లో బల్లి గుడ్లు పెట్టింది. అన్నీ విప్పి వాకిట్లో చాప మీద పరిచాడు. పండగకు అప్పడాలు ఎండబెట్టినట్టు ఆకుపచ్చ పలకలన్నీ వరసగా పెట్టాడు.

"టీచర్, రబ్బరుందా?"

"ఏం రబ్బరు?"

"పెన్సిల్ గీతలు తుడిచేది. గీ మెమరీ ముక్కలకు దువ్వెన పండ్ల లెక్క ఇత్తడి పండ్లుంటయి సూడు, మసి వట్టినయి. రబ్బరుతోని రుద్దితే మెరుస్తయి."

నా దగ్గర రబ్బర్లు లేకపోవడమేంటి, డబ్బెడు ఉన్నాయి. పిల్లల దగ్గర లాక్కున్నవే అన్నీ. ఇద్దరం కూర్చుని రుద్దాం. నిజంగానే మెరిశాయి. నాకు ఎంత సంతోషమేసిందో! అప్పటి నుంచి ఆ డబ్బాలో నాకూ వాటా ఉన్నట్టే అనిపించింది. అందుకే అది ఆగిపోయినప్పుడల్లా నాకు ఒళ్ళు మండింది.

ఇదంతా యాదయ్య ముచ్చటే అయితే నేను పట్టించుకునేదాన్ని కాదు. మధ్యలో కిష్టయ్య వచ్చాడు.

ఖిల్లా ఘణపూర్ దగ్గరి పల్లెలో చిరుతల భజన గురువు కిష్టయ్య. చిరుతలంటే గజ్జెలు కట్టిన చెక్కలు. రెండు చేతుల్లో అవి వాయిస్తూ, పాడుతూ, గుండ్రంగా తిరుగుతూ రాముని కథ ఆడతారు. ఆయన నేర్పిన జట్టు ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగింది. తర్వాత ఆడేవాళ్ళు పుణెకొకరు, హైదరాబాదుకొకరు కూలికి పోయారు, జట్టు చెదిరింది. ఈసారి ఊళ్ళో కుర్రాళ్ళు తమంతట తామే వచ్చి, శ్రీరామనవమికి ఆడతాం, నేర్పమన్నారట. ఆయనకేమో మోకాళ్ళు పోయాయి. కర్ర లేకుండా నిలబడలేడు.

మా అరుగు మీద కూర్చుని ఆయన చెప్పిన మాట ఇంకా చెవిలో ఉంది. "పాట నోట్ల ఉన్నది టీచరమ్మా, జెప్తే వట్టుకుంటుండ్రు. అడుగు నోటితోని జెప్తే రాదు. ఎడమకాలు ముందటేసి ఉల్టా తిరగాలె అని నేనంట, ఒకడు ఇటు తిరుగుతడు, ఒకడు అటు తిరుగుతడు, చెక్కలు దాకి మూతులు వగులుతున్నయి. ఈయేడు గాకుంటే మళ్ళ వాళ్ళు రారు. నాతోనే ఈ ఆట ఒడుస్తది, అయిపోతది."

ఆ జట్టు ఆడిన చివరి ఆటను యాదయ్యే తీశాడు, దానికోసమే వచ్చాడాయన. అప్పుడు ఊరికిచ్చిన సీడీలు ఎవరింట్లో పోయాయో తెలియదు. యాదయ్య దగ్గర మాత్రం ఒక పాత హార్డ్ డిస్కులో ఉంది. ఎందుకుందంటే, ఏదీ పారెయ్యడు కాబట్టి. కానీ ఆ డిస్కు తిప్పితే టిక్కు టిక్కుమంటోంది.

"గిట్ల సప్పుడు జేస్తుందంటే ఎక్కువ దినాలు బతకదు టీచర్," అన్నాడు యాదయ్య. "డబ్బాల వెట్టి లోపలి పెద్ద డిస్కుకు ఎక్కియ్యాలె. ఒక్కసారి ఆగకుంట ఎక్కితే సాలు." కిష్టయ్య వైపు తిరిగి, "పెద్దనాయినా, నీ ఆట నీకు సూపిస్త. మాటిస్తున్న," అన్నాడు.

మాటైతే ఇచ్చాడు. డబ్బా వినాలి కదా!

నడిమింట్లో సందూకు పెట్టె మీద పెట్టాడు దాన్ని. పొద్దున కాపీ పెట్టి పోతాడు. మాఘమాసం, పెళ్ళిళ్ళ కాలం, ఇంట్లో కూర్చునే వీలు లేదు. మధ్యాహ్నం వచ్చి చూస్తే డబ్బా బందు. సగంలో ఆగిన ఆట పనికిరాదట, మళ్ళీ మొదటి నుంచి. అంత సేపూ ఆ రోగిష్టి డిస్కు టిక్కు టిక్కుమంటూనే ఉంటుంది. ఆగినప్పుడల్లా దాని ఆయుష్షు కొంత తగ్గుతున్నట్టే. యాదయ్య కంటే ముందు నాకు బీపీ పెరుగుతోంది.

మొదట కరెంటు వాళ్ళను తిట్టాడు. ఇన్వర్టరుకు కలిపాడు. ఆగిపోయింది. తర్వాత లోపల కరెంటు పంచే పెట్టెను అనుమానించి, ఇంకో కంప్యూటరుది విప్పి బిగించాడు. ఆగిపోయింది. ఫ్యాను గట్టిగా తిరగడం లేదని కుట్టు మిషన్ నూనె చుక్క వేశాడు. మెమరీ ముక్కలు మళ్ళీ రబ్బరుతో రుద్దాం, నా చేతివేళ్ళు బొబ్బలెక్కాయి. చిత్రమేంటంటే, యాదయ్య ఎదురుగా కూర్చుంటే అది చక్కగా నడుస్తుంది. గంట కూర్చున్నా నడుస్తుంది. ఇతను బండెక్కి పోయాక చస్తుంది. తరగతిలో నేనుంటే బుద్ధిగా ఉండి, నేను గుమ్మం దాటగానే బల్లలెక్కే పిల్లలు గుర్తొచ్చారు నాకు.

"నీ మొఖం సూస్తనే నడుస్తది యాదయ్యా. నీ ఫోటో ఒకటి దాని ముందట వెట్టిపో," అన్నాను విసుగ్గా.

"పరేషాన్ల ఉంటే నవ్వుతవేంది టీచర్?"

"నవ్వక ఏడ్వమంటవా? అటు కిష్టయ్యన్న రెండు బస్సులు మారి వచ్చి, గిదే సందూకు మీద గీ డబ్బాను సూసి, మళ్ళ రెండు బస్సులు మారి పోతుండు. గా మనిషి మోకాళ్ళకు నువ్వు జవాబు చెప్తవా?"

మా కేకలు విని భీమమ్మ పెద్దమ్మ ఒక గిన్నె తెచ్చి అందించింది. "ఎందుకు బిడ్డా గంత గరమైతవ్? ఇగో, పెరుగు దిను. కడుపు సల్లగైతది."

పెరుగా అది! కత్తితో కోస్తే ముక్కగా వచ్చేటట్టుంది. ఆ చలికి మా ఇంట్లో తోడు పెట్టిన పాలు తెల్లారినా పాలలాగే ఉంటున్నాయి. నేను మెచ్చుకున్నాను. గడ్డ పెరుగు, గడ్డ పెరుగు అని వీధంతా చెప్పాను. పెద్దమ్మ మురిసిపోయి రోజూ పంపింది. నేను రోజూ తిన్నాను. తింటూ డబ్బాను తిట్టాను.

ఒక రోజు మధ్యాహ్నం మా ఇంటికి చుట్టాలొచ్చారు. అన్నంలోకి కాస్త పెరుగు అడుగుదామని గిన్నె పట్టుకుని పోయాను. యాదయ్య లేడు, నాగర్‌కర్నూల్లో పెళ్ళికి పోయాడు. పెద్దమ్మ వాకిట్లో కోళ్ళకు నూకలు వేస్తోంది.

"పెద్దమ్మా, జర పెరుగియ్యవా?"

"ఆగు బిడ్డా, పేరుకున్నదో లేదో సూస్త," అని నడిమింట్లోకి నడిచింది. వెనకే నేను.

సందూకు మీద డబ్బా లేదు. డబ్బా ఉండాల్సిన చోట పక్కబట్టల కుప్పలాంటిది ఉంది. పెద్దమ్మ దగ్గరికి పోయి ఒక కొస ఎత్తింది. బొంత అది! పాత చీరలన్నీ పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంత. కింద చీకట్లో ఒక చిన్న పచ్చలైటు మిణుకుమిణుకుమంటోంది. దాని ఒళ్ళో బిడ్డలాగా, డబ్బాకు ఆనించి, పెరుగు తోడుపెట్టిన మట్టి గురిగి.

నా చేతిలో గిన్నె కింద పడింది.

"పెద్దమ్మా! గిదేంది?"

"పెరుగు."

"పెరుగు గాదు! గా బొంతేంది?"

"డబ్బాకు గప్పిన. దుమ్ము వడదా? టీవీకి గప్పుతలేమా, మిక్సీకి గప్పుతలేమా? దాని కొలతకు జూసి కుట్టిన బిడ్డా. సూడు, అంచుకు కుచ్చులు గూడ వెట్టిన."

కుచ్చులు నిజంగానే ఉన్నాయి. ఎర్రవి.

"మరి గురిగి?"

"ఎచ్చగుంటది గదా! పొయ్యి కాడ గూడ గట్ల పేరుకోదు. రాత్రి మోకాలు గుంజితే నేను గూడ జరసేపు దానికి ఆనుకోని కూసుంట. మంచి డబ్బా బిడ్డా, పానమున్నట్టే ఉంటది."

నేను డబ్బా మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాను. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు కంటే ఘోరంగా కాలుతోంది. లోపల డిస్కు టిక్కు టిక్కు. నేను చూస్తుండగానే పచ్చలైటు ఆరిపోయింది.

"యాదయ్య సూడలేదా పెద్దమ్మా గీ బొంతను?"

"వాడొచ్చేటాల్లకు తీస్త. బండి సప్పుడు ఇనవడంగనే తీసి మడతవెట్టి మూలకు వెడ్త. వాని పనికి అడ్డం గావద్దు గదా. వాడు వోయినంక మళ్ళ గప్పుత."

నాకు నవ్వాలో, తల గోడకేసి కొట్టుకోవాలో తెలియలేదు. కరెంటు వాళ్ళు తిట్లు తిన్నారు, పెట్టె మారింది, ఫ్యాను నూనె తాగింది, నా వేళ్ళు బొబ్బలెక్కాయి. అన్నిటికీ కారణం ఆ పెరుగు. ఆ పెరుగు సగం నా కడుపులోనే ఉంది.

సాయంత్రం యాదయ్య వచ్చాడు. బండి చప్పుడు వినగానే పెద్దమ్మ అలవాటుగా లేవబోయింది. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. బొంతా గురిగీ ఉన్నవి ఉన్నట్టు చూశాడు యాదయ్య. కెమెరా సంచి భుజాన్నే ఉంది. అట్లాగే గోడకు చేరబడి జారి కింద కూర్చున్నాడు.

"అమ్మా, దానికి గాలి ఆడాలెనే! ఫ్యాను వెట్టింది ఎందుకే? ఎచ్చగైతే అదే బందువడ్తది, కాలిపోవద్దని."

"నాకు జెప్పినవా గాలి ఆడాలెనని?" పెద్దమ్మకూ కోపం వచ్చింది. "నువ్వు జెప్పిందేంది? 'అమ్మా, దీన్ని జర పానం లెక్క సూస్కో' అన్నవ్. సూస్కున్న. నిన్ను గూడ సలికాలంల గిట్లనే బొంత గప్పి సూస్కున్న. నువ్వేమన్న బందువడ్డవా?"

 అంతలో వచ్చిన సుమన గుమ్మంలో నిలబడి అంగన్‌వాడీ సంచి కడుపుకు హత్తుకుని నవ్వుతోంది. ఆ ఇంట్లో ఆమె అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

బొంత తీసేస్తే సరిపోయిందా? లేదు. ఉత్తదాన్ని వదిలేస్తే పిల్లి ఎక్కి పడుకుంటుందంటుంది పెద్దమ్మ. దుమ్ము పడుతుందంటుంది. చూసినవాళ్ళ కళ్ళు పడతాయంటుంది. గాలి ఆడాలి అని యాదయ్య, కప్పి ఉండాలి అని ఆమె. తల్లీ కొడుకుల పంచాయతీ మర్నాడు కూడా నడిచింది. చివరికి ఆమే వాకిట్లోకి పోయి కోళ్ళ గంప తెచ్చి డబ్బా మీద బోర్లించింది. చుట్టూ కన్నాలున్న వెదురు గంప. గాలి ధారాళంగా ఆడుతుంది, పిల్లి ఎక్కితే జారుతుంది. గంప లోపల పచ్చలైటు మెరుస్తుంటే, లోపల ఏదో వింత కోడి పొదుగుతున్నట్టు ఉంది. వాకిట్లో అసలు కోళ్ళు గంప కోసం వెతుక్కుంటూ తిరిగాయి.

డబ్బా ఆగలేదు. పొద్దున పెట్టిన కాపీ సాయంత్రానికి నడుస్తూనే ఉంది. ఆట మొత్తం ఎక్కింది. నేను వెంటనే కిష్టయ్యకు ఫోన్ చేసి, "రా అన్నా, నీ ఆట దొరికింది," అన్నాను. నా నోరు ఊరుకోదు కదా. ముందు ఒకసారి మేం చూసుకుని పిలవాలన్న బుద్ధి నాకూ లేదు, యాదయ్యకూ లేదు.

ఇవ్వాళ పొద్దున్నే వచ్చాడు కిష్టయ్య. తువ్వాలలో చుట్టి తన పాత చిరుతలు కూడా తెచ్చుకున్నాడు. చెక్కలు చెమటకు నల్లబడి నున్నగా ఉన్నాయి. టీవీ ముందు కుర్చీ వేశాం. యాదయ్య నొక్కాడు.

మొదట నక్షత్రాలు రాలాయి. తర్వాత గులాబీలు. గులాబీల మధ్య నుంచి యాదయ్య స్టూడియో పేరు గుండ్రంగా తిరుగుతూ వచ్చింది. ఆ తర్వాత రాముడి మొఖం. సీత మొఖం, అంటే సీత వేషం వేసిన, ఇళ్ళు కట్టే సుతారి మేస్త్రీ మొఖం, తళతళలాడే పౌడరుతో హృదయం గుర్తులో. రావణుడి మొఖం. హార్మోనియం ఆయన మొఖం. చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళ మొఖాలు. చిరుతల చప్పుడు ఘల్లుఘల్లున వినపడుతోంది, టీవీలో మాత్రం మెడల పైభాగమే ఊగుతోంది.

"కాళ్ళేవి?" అన్నాడు కిష్టయ్య.

"వస్తయి పెద్దనాయినా, జర ఆగు."

ఆగాం. పెద్దమనుషుల మొఖాలు వచ్చాయి. కొబ్బరికాయలు అమ్మే ఆయన మొఖం వచ్చింది. అప్పుడు కిష్టయ్య మొఖమే వచ్చింది. ఆయన జట్టు ముందు తిరుగుతున్నాడు. చెమటతో మెరిసే మొఖం, కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. దాని చుట్టూ గులాబీల దండ తిప్పాడు యాదయ్య. కిష్టయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నేను చల్లబడ్డాడనుకున్నాను.

"కాళ్ళేవిరా యాదిగా?"

"నేను అందరి మొఖాలు వడాలెనని..."

"మొఖాలెవనికి గావాలెరా? ఊళ్ళె రోజు సూస్తనే ఉన్న గా మొఖాలను! నా మొఖం నాకెందుకు? నా కాళ్ళు గావాలె!" కర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు. "పోరగాళ్ళకు ఏం జూపియ్యాలె? గులాబి పూలు జూపియ్యాల్నా?"

చిరుతలు తువ్వాలలో చుట్టుకున్నాడు. చాయ్ తాగమంటే తాగలేదు. పెద్దమ్మ పెరుగన్నం తినిపొమ్మంది, వినలేదు. యాదయ్య బండి మీద దింపుతానంటే కర్ర ఎత్తాడు. నేనే బస్టాండు దాకా వెంట నడిచాను.  వనపర్తి బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక, "ఆ పోరగాళ్ళకు వద్దని జెప్త టీచరమ్మా," అన్నాడు.

వెనక్కి వచ్చేసరికి నా కోపం నషాళానికెక్కింది. యాదయ్య గంప పక్కన మొఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. గంప లోపల డబ్బా ఇంకా గురగురమంటోంది.

"ఇంక ఏం ఎక్కుతుంది దాంట్ల?"

"అదే డిస్కుల ఇంకోటున్నది టీచర్, రాత్రి నుంచి ఎక్కుతున్నది, అయిపోవచ్చింది. పాడైందని రాసి వెట్టిన."

"పాడైనదాన్ని ఎందుకెక్కిస్తున్నవయ్యా?"

"ఉండనియ్యి, జాగున్నది గదా."

అప్పుడు తిట్టాను చూడండి! సర్వీసంతా కలిపి ఏ పిల్లాడినీ అంతగా తిట్టి ఉండను. మంచిది తియ్యడం రాలేదు కానీ పాడైంది దాచడం వచ్చిందా అన్నాను. సుమన ఊడ్చుకునే జాగా మిగల్చలేదన్నాను. అసలు పాడైందంటే ఏమైందని అడిగాను.

"గా దినం రెండో కెమెరా స్టాండుకు బిగిచ్చి పక్కకు వెట్టిన టీచర్. స్టాండు మెడ లూజున్నది, నాకు తెల్వదు. కెమెరా జర జర వొంగి నేలకు మొఖం వెట్టింది. నేను తెల్లారి సూసుకున్న. ఒక్కని మొఖం రాలే. మొత్తం మట్టి, కాళ్ళు..."

ఆగిపోయాడు.  గంప కింద డబ్బా గురగుర తగ్గింది, ఎక్కడం పూర్తయింది.

"పెట్టు," అన్నాను. "పెట్టు యాదయ్యా, జల్దీ పెట్టు!"

పెట్టాడు. నక్షత్రాలు లేవు, గులాబీలు లేవు. నేల. ఆ నేల మీద గజ్జెలు కట్టిన కాళ్ళు, వరసగా, గుండ్రంగా. ఎడమకాలు ముందుకు, మడమ మీద ఉల్టా తిరుగుడు, కూర్చుని లేచే అడుగు, దుమ్ము లేస్తోంది. అందరికంటే ముందు తిరిగే కాళ్ళకు ఒక వెండి కడెం ఉంది. ఆ కడెం పొద్దున కిష్టయ్య బస్సెక్కుతుంటే చూశాను, అదే కాలికి, కర్ర పక్కన. ముందుకు జరుపుతూ చివరి దాకా చూశాం, ఒక్క అడుగు పోలేదు. ఒక్క మొఖమూ లేదు.

పెద్దమ్మ టీవీ దగ్గరగా వచ్చి చూసి, "ఇదే బాగున్నదిరా, మొఖాలున్నదాని కంటె," అంది.

యాదయ్య ఇంకా నోరు తెరుచుకునే ఉన్నాడు. నేను ఫోన్ తీశాను. "నువ్వే జెయ్యి టీచర్," అన్నాడు దూరం జరుగుతూ. "నేను జేస్తే ఫోన్ కట్ జేస్తడు." నేను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. బస్సులో ఆయనకు వినపడదు, ఫోన్ బనీను జేబులో పెట్టి పైన చొక్కా వేసుకుంటాడు. ఇంటికి పోయాడంటే కుర్రాళ్ళకు వద్దని చెప్పేస్తాడు. వనపర్తిలో దిగి ఘణపూర్ బస్సు కోసం కాసేపు నిలబడాలి. పట్టుకుంటే అక్కడే పట్టుకోవాలి. అప్పటిదాకా ఊరుకోలేక మీకిదంతా చెప్తున్నాను.

ఇప్పటికి దిగి ఉంటాడు. ఎత్తగానే తిడతాడు, తిట్టనీ. నేను మాత్రం నమస్తే కూడా చెప్పకుండా మొదటి మాటే, "కిష్టయ్యన్నా, నీ కాళ్ళు దొరికినయ్, బస్సెక్కకు," అంటాను. ఉండండి, చేస్తున్నాను.